గోల్డ్‌ఫీల్డ్స్ పువ్వును తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: మార్చి నెలలో కాలిఫోర్నియాలోని కరీజో మైదానానికి వెళ్ళినప్పుడు, కనుచూపు మేర నేలంతా పసుపు ఆరబోసినట్లు కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే జానెడు ఎత్తైనా లేని మొక్కలు, రూపాయి బిళ్ళ కన్నా చిన్న పువ్వులు. అక్కడివారు వీటిని గోల్డ్‌ఫీల్డ్స్ అన్నారు. ఫొటో చూసిన మా అమ్మగారు మాత్రం ‘ఇది మన గడ్డిచేమంతే కదా’ అన్నారు. ఆ పేరు దీనికి చెల్లుతుందా, లేక ‘బంగారు పొలాలు’ అని అనువదించుకోవాలా?

జవాబు: పేరు సంగతికి ముందు మొక్క ఏదో తేల్చుకోవాలి. ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా, గడ్డిపోచల్లా సన్నగా, చీలికలు లేకుండా ఉంటే అది లాస్థేనియా, అంటే శాస్త్రనామంలో గోల్డ్‌ఫీల్డ్స్. అక్కడే, ఆ రోజుల్లోనే పూసే మరో పసుపు పువ్వు మొనోలోపియాకు అడుగు ఆకులు తప్ప మిగిలినవన్నీ ఒకటి విడిచి ఒకటి వస్తాయి, మొక్కకు ఉన్నివంటి తెల్లని నూగు ఉంటుంది, రేకు కొన మూడు పాయలుగా ఉంటుంది. మీ ఫొటోలో ఆకులు ఎదురెదురుగానే ఉన్నాయి కనుక లాస్థేనియా అనవచ్చు. అయితే లాస్థేనియా కాలిఫోర్నికా, లాస్థేనియా గ్రాసిలిస్ అనే రెండు జాతులు చూపుకు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఫొటోను బట్టి అంతకు మించి చెప్పడం సాహసమే. (లాస్థేనియా అన్నది ప్లేటో శిష్యురాలైన ఒక గ్రీకు స్త్రీ పేరు.)

గడ్డిచేమంతి అని మనం పిలిచేది ట్రైడాక్స్ ప్రొకంబెన్స్‌ను. దానికి నడిమి బొడ్డు పసుపే గాని, చుట్టూ ఉన్న రేకులు మీగడ తెలుపు. ఆకులు ఎదురెదురుగానే ఉన్నా వెడల్పుగా, అంచున రంపపు పళ్ళతో ఉంటాయి. అదీ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి మన పొలం గట్లకు చేరినదే. రెండూ చేమంతి కుటుంబానివే కనుక, అమ్మగారి చూపు అంతవరకు తప్పలేదు. కాని ఒక మొక్కకు స్థిరపడిన పేరును మరొకదానికి తగిలిస్తే రెండూ కలగాపులగమవుతాయి.

‘బంగారు పొలాలు’ నాకు సమ్మతం కాదు. తెలుగులో పొలం అంటే దున్నే చోటే. ఒక్క పువ్వును చేతిలో పట్టుకుని ‘ఇది బంగారు పొలం’ అంటే వినేవారు నవ్వుతారు. మనవారు కొత్త మొక్కకు పేరు పెట్టేటప్పుడు చూసినదాన్నే పేరుగా మలిచారు: ఉత్తర అమెరికా నుంచే వచ్చిన పొద్దుతిరుగుడు అందుకు సాక్ష్యం. పెద్ద చెట్టును తలపించే పొట్టి మొక్కకు ‘నేల’ చేర్చడం కూడా మన పద్ధతే. నేలవేము, నేల ఉసిరి అలా వచ్చినవే. ఆ దారిలో దీన్ని ‘నేలచేమంతి’ అనవచ్చునని నా సూచన.

మరొకరి జవాబు: ‘పసిడి చేమంతి’ అంటే రంగు కూడా తెలుస్తుంది కదా?

జవాబు: తెలుస్తుంది గాని, పసుపు చేమంతి మన పూలబుట్టలో రోజూ ఉండేదే, వినగానే ఆ తోటపువ్వే మనసుకు వస్తుంది. పైగా చేమంతికి శాస్త్రనామమైన క్రిసాంథిమమ్‌కు గ్రీకులో అర్థం బంగారు పువ్వనే. ఈ మొక్కను వేరు చేసి చూపేది రంగు కాదు, నేలకు అంటుకున్నట్లుండే ఆ పొట్టితనం. ఏ పేరు ఎంచుకున్నా, మొదటిసారి రాసేటప్పుడు పక్కన లాస్థేనియా అని కూడా రాయండి.