ఆంటికిథెరా యంత్రం పుట్టిల్లు ఏది: సిరక్యూసా, రోడ్సా?

పాతగడియారం:
గ్రీసులోని ఆంటికిథెరా దీవి దగ్గర సముద్రం అడుగున, స్పాంజ్‌లు ఏరుకునే ఈతగాళ్లకు 1900లో ఒక పాత ఓడ కనిపించింది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో మునిగిన ఓడ అది. విగ్రహాలతో పాటు చిలుము పట్టిన కంచు ముద్ద ఒకటి పైకి వచ్చింది. 1902లో అందులో పళ్ల చక్రం ఉన్నట్టు గమనించారు. ఇప్పుడు 82 ముక్కలు, 30 పళ్ల చక్రాలు మిగిలి ఉన్నాయి. పిడి తిప్పితే సూర్యచంద్రుల స్థానాలు, గ్రహణాలు చూపించే యంత్రం అది. నా ఉద్దేశంలో ఇది సిసిలీ దీవిలోని గ్రీకు నగరం సిరక్యూస్‌లో, ఆర్కిమెడీస్ సంప్రదాయంలో పుట్టింది. యంత్రం వెనకవైపున్న నెలల పేర్లు గ్రీసులోని కొరింథు నగరానివి, సిరక్యూస్ కొరింథువాళ్లు కట్టిన ఊరే. ఆర్కిమెడీస్ చేసిన, గ్రహాల నడక చూపించే గోళాన్ని మార్సెల్లస్ అనే రోమను సేనాని రోముకు పట్టుకెళ్లాడని రోమను రచయిత సిసెరో కూడా రాశాడు.

పంచాంగప్రియ:
అదే సిసెరో, గ్రీకు దీవి రోడ్స్‌లో పొసైడోనియస్ అనే తత్త్వవేత్త చేసిన గోళం గురించీ రాశాడు కదండీ. దాన్ని వదిలేస్తే ఎలా?

అసలు నెలల పేర్లు కొన్నవాడి ఊరు చెబుతాయి గానీ, చేసినవాడి ఊరు చెప్పవు. అట్లాంటాలో ఉండే మా అన్నయ్య ఇంట్లో గోడకు తెలుగు పంచాంగం ఉంటుంది. అందులో తిథుల వేళలన్నీ అట్లాంటావే, లెక్కగట్టిన సిద్ధాంతి మాత్రం గోదావరి జిల్లాలో ఉంటారు. ఈ యంత్రం కూడా అలాంటిదే అనుకుంటున్నాను. ఆటల పోటీల పేర్లున్న చిన్న చక్రాన్ని చూడండి. ఒలింపియా లాంటి పెద్ద పోటీల పక్కన, వాయవ్య గ్రీసు ప్రాంతమైన ఎపైరస్‌లోని డొడోనాలో జరిగే నాయా ఉంది. అది ఆ ప్రాంతం బయట పెద్దగా పేరున్న పోటీ కాదు. మరో పేరును రోడ్స్ వాళ్ల హాలియేయా పోటీగా పరిశోధకుడు పాల్ ఐవర్సన్ చదివారు. ఎపైరస్‌లోనూ కొరింథు నెలలే వాడేవాళ్లు. రోడ్స్‌లో చేసి, ఎపైరస్ మనిషికి అమ్మిన వస్తువని ఆయన వాదన. నాకు ఇదే సరిగ్గా అతుకుతోంది, ఎందుకంటే ఓడలో రోడ్స్ జాడీలు దొరికాయి, అది పడమటికే వెళ్తోంది.

ఇంకో సంగతి. చంద్రుడు ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా నడవడాన్ని ఒక చక్రం మీది మేకు, మరో చక్రంలోని గాడి కలిసి చూపిస్తాయి. ఆ తేడాకు లెక్క కట్టిన గ్రీకు ఖగోళవేత్త హిపార్కస్ పనిచేసింది రోడ్స్‌లోనే. 19 ఏళ్లలో 235 నెలలు, అంటే మన ఏడు అధికమాసాల లెక్కే ఆ కంచు మీద చెక్కి ఉందని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

గ్రహగతి:
బాగుంది, కానీ తేదీ మాటేమిటి? గ్రహణాల చక్రం క్రీ.పూ. 205 నుంచి మొదలవుతుందని 2014లో పరిశోధకులు కార్మన్, ఎవాన్స్ లెక్క తేల్చారు. అది ఆర్కిమెడీస్ చనిపోయిన ఏడేళ్లకే. హిపార్కస్ అప్పటికి పుట్టనే లేదు.

పంచాంగప్రియ:
లెక్క మొదలుపెట్టిన ఏడాది, తయారైన ఏడాది ఒకటే అవ్వాలని లేదండీ. మన సిద్ధాంతులు అహర్గణాన్ని, అంటే గడిచిన రోజుల లెక్కను, క్రీ.పూ. 3102 నుంచి లెక్కిస్తారు. అంతమాత్రాన ఆ గ్రంథాలు అప్పటివి కావు.

గ్రహగతి:
ఆ పోలిక ఇక్కడ నప్పదు. అహర్గణం ఎంత దూరమైనా లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. గ్రహణాలు మళ్లీ అదే వరుసలో వచ్చే 223 నెలల చక్రం అలా కాదు, తిరిగిన ప్రతిసారీ కొంచెం జారుతుంది. కొన్ని గ్రహణాలు రాలిపోతాయి, కొత్తవి చేరతాయి. క్రీ.పూ. 100లో చేసేవాడు వందేళ్ల నాటి పట్టిక చెక్కుతాడా? తాజాది చెక్కడా?

పంచాంగప్రియ:
ఈ పాయింట్ నేను ఒప్పుకుంటాను. పట్టిక పాతది. అయితే 2006 పరిశోధనలో, పలకల మీది అక్షరాల తీరును బట్టి చెక్కడం క్రీ.పూ. 150–100 మధ్యదని తేల్చారు. రెండూ నిజమైతే, ఎవరో పెద్దవాళ్ల దగ్గర ఉన్న పట్టికను రోడ్స్ పనివాడు దింపుకున్నాడు. ఆ పెద్దవాళ్లు సిరక్యూస్ వాళ్లే కావచ్చు, అక్కడ పాతగడియారం గారితో నాకు పేచీ లేదు. మనకు దొరికిన ఈ పెట్టె మాత్రం రోడ్స్‌దే అంటాను.

పాతగడియారం:
నాయా పోటీల సంగతి నేను పట్టించుకోలేదు. సిరక్యూస్‌లో చేసినవాడికి డొడోనా పోటీ చెక్కాల్సిన పనేముందన్నది నాకూ ఇప్పుడు చిక్కుప్రశ్నే. ఎపైరస్ నెలల వరుసకూ యంత్రం మీది వరుసకూ పోలిక ఎంతవరకు కుదురుతుందో ఒక్కో నెలగా ఇక్కడే చూద్దామా?