కెనడాలోని ఎడ్మంటన్ చలికాలంలో రేలపూలు గీస్తే దిగులు తగ్గుతుందా, లేక బయటున్న మంచునే గీయాలా?

కుంచె_నీళ్ళు
డిసెంబరు మూడో వారానికి ఎడ్మంటన్‌లో పగటి నిడివి ఏడున్నర గంటలకు పడిపోతుంది. ఈ నెలల్లో మన మే నెల బొమ్మలు, అంటే రేలపూలు, తురాయి చెట్లు, గోదారి ఇసుకతిన్నెలు గీయమని కొందరంటారు. అది కళ్ళు మూసుకోవడమేనని, కిటికీ బయట కనిపించే మంచునే గీయాలని ఇంకొందరు. నా ఓటు వేసవికే. కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా అల్గాన్‌క్విన్ పార్కులో తిరుగుతూ, సుమారు 21 × 27 సెం.మీ. చెక్కపలకల మీద బొమ్మలు వేసుకునేవాడు. చలికాలం టొరంటోలో కూర్చుని వాటిలో కొన్నింటిని పెద్ద కాన్వాసులకు ఎక్కించేవాడు. ‘ద జాక్ పైన్’ 1916-17 చలికాలంలో అలా తయారైందే. మీరేమంటారు?

దీపం_ముందు
బొమ్మ వెలుగు పుట్టించదండీ. తన మీద పడ్డదాంట్లో కొంత తిప్పి పంపుతుంది, అంతే. మంచి ఎండలో లక్ష లక్స్ (వెలుగు కొలత) దాకా ఉంటుంది, రాత్రి హాల్లో బల్బు కింద రెండు మూడు వందలు. ఆ బల్బు కింద ఎంత ఖరీదైన కాడ్మియం పసుపు పూసినా ఒంటికి అది రాత్రే. చలికాలపు దిగులుని మానసిక వైద్యుడు నార్మన్ రోజెన్థాల్ బృందం 1984లో ఒక జబ్బుగా వివరించింది. ఇప్పుడు దానికి ఎక్కువగా వాడేది 10,000 లక్స్ దీపం. పొద్దున లేచిన గంటలోపు, 20-30 నిమిషాలు, డబ్బా మీద రాసిన దూరంలోనే కూర్చోవాలి. రెండింతలు దూరం జరిగితే అందే వెలుగు చాలా పడిపోతుంది. సాయంత్రం వాడితే నిద్ర చెడుతుంది. రెటీనా జబ్బులున్నవాళ్ళు, బైపోలార్ (ఉత్సాహం, దిగులు మారిమారి ముంచెత్తే జబ్బు) ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టకూడదు. ముందు ఇది, తర్వాతే బొమ్మలు.

పాలెట్_మరక
దీపం_ముందు గారితో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. బొమ్మ మందు కాదు, నిజమే. కానీ రోజూ ఒక గంట పసుపులో పది రకాలు వెతికే పని మనసుని పట్టి ఉంచుతుంది. మేలు చేసేది ఆ వెతుకులాటే, గోడకి తగిలించిన బొమ్మ కాదు.

అయితే ఆ దీపాన్నే బొమ్మ గీయడానికి వాడొద్దు. అది మొహానికి ఎదురుగా ఉండాల్సింది, గీసే దీపం బొమ్మ మీద పడాల్సింది. గీయడానికి 5000 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్ఈడీ తీసుకుని, ఈజిల్‌కి (బొమ్మ నిలబెట్టే స్టాండుకి) పైనుంచి 45 డిగ్రీల వాలులో పెట్టండి. అప్పుడు తడి రంగు మీది మెరుపు నేల వైపు పోతుంది, కళ్ళలోకి రాదు. ఇంట్లో మామూలుగా ఉండే 2700 కెల్విన్ బల్బు కింద లేత పసుపుకీ తెలుపుకీ తేడా ఆనదు, నీలాలు నల్లబడతాయి. దాంతో నీలం ఎక్కువ పూసేస్తారు. పొద్దున కిటికీ దగ్గర పెట్టి చూస్తే వేసవి బొమ్మ కాస్తా చల్లగా, పాలిపోయి కనిపిస్తుంది.

ఇక రేలపూలు, అక్రిలిక్‌లో, అంటే నీళ్ళతో పల్చన చేసే, త్వరగా ఆరే రంగుల్లో. అందరూ చేసే తప్పు ట్యూబు పసుపు నిండా పూయడం. కాగితం మీద తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా చాలా చిన్నది, ఎండలో ఆ తేడా ఎన్నో రెట్లు. అందుకే చుట్టూ నీడ ఉంటేనే పసుపు వెలుగుతుంది. నా లెక్కలో బొమ్మలో పసుపు అయిదో వంతు దాటకూడదు.

బ్రాకెట్లలో ఉన్నవి ట్యూబు మీద ఉండే రంగు కోడ్‌లు. ముందు వెనకంతా అల్ట్రామరీన్ నీలం (పీబీ29), క్వినాక్రిడోన్ మెజెంటా (పీఆర్122), కొంచెం ఆకుపచ్చ కలిపి ముదురుగా వేసి ఆరనివ్వండి. హన్సా పసుపు (పీవై3) పారదర్శకం. దాన్ని నేరుగా ఆ ముదురు మీద పెడితే పసుపు కాదు, పాచిరంగు వస్తుంది. కాబట్టి గుత్తులు వేలాడే చోట టైటానియం తెలుపు చుక్కలు పెట్టి, అవి ఆరాక పైన పల్చగా పసుపు పూయాలి. కాడ్మియం పసుపు (పీవై35) అయితే కప్పుతుంది, రెండు పూతల్లో పని అయిపోతుంది. గుత్తి నీడవైపుకి నలుపు కలపొద్దు, పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ అవుతుంది. పసుపు ఓకర్ (పీవై43)లో చిటికెడు మెజెంటా చాలు. తెలుపు కలిసిన నిమ్మపసుపు చివర్లో, గుత్తికి నాలుగైదు చుక్కలు. అంతకు మించితే సున్నం కొట్టినట్టుంటుంది.

మంచునీడ
నేను మంచు గీయమనే వాళ్ళ వైపు. ఆ దీపాలు, ఆ పసుపులు అన్నీ సరిగ్గా పెట్టినా వేసవి బొమ్మ ఎక్కడ చెడుతుందో చెబుతాను: నీడల దగ్గర. డిసెంబరులో ఎడ్మంటన్‌లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. రెండు మీటర్ల కంచెకి ఎనిమిది మీటర్లు దాటి నీడ పడుతుంది. నెలల తరబడి అదే చూసిన కన్ను రేలచెట్టుకీ పొడుగాటి నీడే గీస్తుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నీడ చెట్టు మొదట్లోనే గుండ్రంగా, మడుగులా ఉండాలి. ఫొటో చూసి గీస్తే ఇంకో ఇబ్బంది: ఫోన్ ఎండని తెల్లగా, నీడని నల్లగా తినేస్తుంది, రెండింట్లోనూ రంగు ఉండదు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీస్తే ఈ తంటాలు లేవు. పైగా మంచు తెల్లగా ఉండదండీ. నీడలో ఆకాశపు నీలం, సాయంత్రం నాలుగింటికి ఎండ తగిలేవైపు నారింజ. రంగులు కావాలంటే కిటికీ చాలు.

కుంచె_నీళ్ళు
మంచునీడ గారూ, నీడల మాట ఒప్పుకుంటున్నాను, దాని గురించి ఎవరూ చెప్పరు. అయితే అది వేసవి బొమ్మ మానడానికి కారణం కాదు, నేర్చుకోవడానికి కారణం. రంగు ముట్టుకోకముందే చెట్టు కింద నీడ గుండ్రాన్ని పెన్సిల్‌తో వేసి, అందులో ఆకుల సందుల్లోంచి పడే ఎండచుక్కలకు చోటు వదిలేస్తే ఆ తప్పు మళ్ళీ జరగదు. ఫొటోని ఆకారాల వరకే నమ్మాలి. థామ్సన్ పలకలు పనికొచ్చింది కూడా ఇందుకే: నీడల్లో ఏ రంగు ఉందో అక్కడే కూర్చుని రాసిపెట్టుకున్నట్టు. జూన్, జూలైల్లో ఇక్కడే రోజుకొక చిన్న అట్టముక్క మీద రంగుచుక్కలు వేసి పెట్టుకోండి. రేలచెట్టు దొరకదు కానీ ఎండలో పసుపు ఎలా ఉంటుందో దొరుకుతుంది.

తడిఅట్ట
వాదన ఎటు తేలినా హీటర్ గాలి ఇద్దరికీ శత్రువే. బయట మైనస్ 30 ఉంటే ఇంట్లో గాలి బాగా పొడిబారి పాలెట్ (రంగులు కలిపే పలక) మీది అక్రిలిక్ పది నిమిషాల్లో తోలు కడుతుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన కిచెన్ టవల్ మూడు మడతలు పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ (మైనం పూసినది కాదు) వేసి రంగులు పెట్టుకోండి. మూత పెడితే రెండు మూడు రోజులు ఆగుతాయి. నీటిరంగులైతే 300 జీఎస్ఎం (మందపాటి) కాగితాన్ని రెండువైపులా తడిపి గాజుపలక మీద పరిస్తే రంగు అంచులు గట్టిగీతలు కట్టవు. పూల కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ముందే పూసే జిగురు) వాడితే అదే రోజు తీసేయండి, ఆలస్యమైతే కాగితాన్ని పీక్కుని రావచ్చు. గరాజ్‌లో మాత్రం అక్రిలిక్ వేయొద్దు. 10 డిగ్రీల కన్నా తక్కువలో పొర సరిగ్గా కట్టక పగుళ్ళిస్తుంది. రంగుల సంచి రాత్రి కారులో మర్చిపోతే ట్యూబుల్లో రంగు గడ్డకట్టి విరిగిన పాలలా అయిపోవచ్చు, అలా అయితే ఎంత పిసికినా మళ్ళీ కలవదు.