టీ-స్కోర్ మైనస్ 1.9: ఒక డాక్టర్ మందు వద్దన్నారు, ఇంకొకరు కావాలన్నారు

అనంతపురం టీచర్

అందరికీ నమస్కారం. మా అమ్మ గురించి అడుగుతున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదవండి.

అమ్మకు 66 ఏళ్లు, బరువు 46 కిలోలు. భోగి నాడు తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసి లేస్తూ తడిబండ మీద జారింది. కుడిచేయి నేలకు ఆనించి అలాగే కూర్చుండిపోయింది. మెట్ల మీద నుంచి పడలేదు, బండి గుద్దలేదు, నిలబడిన చోటే పడింది. అంతమాత్రానికే మణికట్టు విరిగింది. చుట్టుపక్కల వాళ్లు పుత్తూరు కట్టుకు తీసుకుపొమ్మన్నారు గానీ మేము ఆస్పత్రిలో పిండికట్టు వేయించాం. ఆరు వారాలకు అతికింది. ఇప్పుడు సంగటి కెలకడం ఒక్కటే నేను చేయనివ్వడం లేదు, మిగతా పనులన్నీ తనే చేసుకుంటోంది.

కట్టు విప్పాక బోన్ డెన్సిటీ స్కాన్ తీయించాం. తుంటి ఎముక మెడ దగ్గర టీ-స్కోర్ మైనస్ 1.9, నడుము దగ్గర మైనస్ 0.6 వచ్చింది. కింద ‘ఆస్టియోపీనియా’ అని రాశారు, అంటే ఎముక కొంత పలచబడిందని. మొదట చూపించిన డాక్టర్ గారు రిపోర్టు చూసి, మైనస్ 2.5 దాటితేనే ఎముకలు గుల్లబారినట్టు, మీ అమ్మకు క్యాల్షియం, విటమిన్ డి చాలు అన్నారు. మనసు కుదుటపడక ఇంకొకరికి చూపించాను. ఆయన రిపోర్టు పక్కన పెట్టి పావుగంట సేపు అమ్మనే ప్రశ్నలు అడిగారు. చివరికి ఏడాదికి ఒకసారి వేసే ఇంజక్షన్ వేయాలన్నారు.

రిపోర్టు ఒక్కటే, మాటలు మాత్రం రెండు. ఎవరిని నమ్మాలో తెలియక నాలుగు రోజులుగా నిద్ర లేదు. అమ్మను కన్న మా అవ్వ తుంటి విరిగి మంచాన పడింది, మూడు నెలలకు పోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ మంచం, ఆ వాసన నాకు ఇంకా గుర్తే. అమ్మకు ఆ గతి పట్టకూడదు. అలాగని అక్కర్లేని మందు వేయించి ఇంకో బాధ తెచ్చిపెట్టకూడదు. తెలిసిన వాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు తమ్ముడు

అక్కా, టెన్షన్ పడొద్దు. మా జేజికి 84, ఇప్పటికీ చెనక్కాయ చేలో కలుపు తీస్తుంది. ఒక్క మాత్ర వేసుకున్నది లేదు. పూటకో రాగి సంగటి ముద్ద, పెరుగు, పొద్దుటి ఎండ, ఇంతే ఆమె మందు. రాగుల్లో ఉన్నంత క్యాల్షియం ఇంకే ధాన్యంలోనూ లేదంటారు. ముందు తిండి సరిచేయండి.

కర్నూలు ఎముకల డాక్టర్, రిటైర్డ్

ముప్పై ఏళ్లకు పైగా విరిగిన ఎముకలు అతికించాను. మీ అమ్మగారిని చూడకుండా మందు రాయను గానీ, రెండు మాటలు ఎందుకు వచ్చాయో చెప్పగలను.

ముందు తమ్ముడి మాట. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైనే క్యాల్షియం ఉంటుంది, సంగటి మానొద్దు. కానీ ఒకసారి పడి విరిగిన ఎముకకు తిండి పునాది మాత్రమే అవుతుంది. మీ జేజి ఎముకలు గట్టివి, సంతోషం. ఈ అమ్మగారివి తడిబండ మీద విరిగాయి. ఇద్దరికీ ఒకే లెక్క వేయలేం.

టీ-స్కోర్ అంటే పడుచు వయసు ఆడమనిషి ఎముకతో పోలిస్తే మన ఎముకలో ఖనిజం ఎంత తగ్గిందో చెప్పే అంకె. మైనస్ 2.5 అనే గీత 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసింది, జబ్బుకు పేరు పెట్టడానికి. మందు ఎవరికి అన్నది వేరే ప్రశ్న. గీతకు ఇవతల ఉన్నవాళ్లు సంఖ్యలో చాలా ఎక్కువ కాబట్టి, విరుగుళ్లు ఎక్కువ శాతం వాళ్లలోనే జరుగుతాయి. అంకె ఒక్కటే చూసి పంపేస్తే వాళ్లందరూ చేజారిపోతారు.

అందుకే 2008లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు ఫ్రాక్స్ అనే లెక్క తెచ్చారు. ఇంటర్నెట్‌లో ఉచితం, దేశం పేరు దగ్గర ఇండియా ఎంచుకోవచ్చు. 40 నుంచి 90 ఏళ్ల వాళ్లకు పనికొస్తుంది. వయసు, ఎత్తు, బరువు, ఇదివరకు ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, పొగ, మద్యం, స్టెరాయిడ్లు, రుమటాయిడ్ కీళ్లవాతం, చివర్లో తుంటి మెడ దగ్గరి స్కాన్ అంకె అడుగుతుంది. వచ్చే పదేళ్లలో తుంటి విరిగే అవకాశం ఎంత శాతమో, వెన్ను, తుంటి, ముంజేయి, భుజం కలిపి ఎంతో చెబుతుంది. తుంటికి 3, మొత్తానికి 20 శాతం దాటితే మందు మొదలుపెట్టడం అమెరికా పద్ధతి. ఆ గీత వాళ్ల ఖర్చుల లెక్కతో గీసుకున్నది. మనకు 2.9 వస్తే వద్దు, 3.1 వస్తే కావాలి అని పట్టుకు కూర్చోకూడదు. రెండో డాక్టర్ పావుగంట అడిగినవి బహుశా ఇవే ప్రశ్నలు.

ఈ లెక్క అడగనివీ ఉన్నాయి. మనిషి తరచూ పడుతుందా అని అడగదు. ఎన్ని ఎముకలు విరిగాయో, ఎప్పుడు విరిగాయో అడగదు. విరిగిన మొదటి రెండేళ్లలోనే మళ్లీ విరిగే భయం ఎక్కువ, మీ అమ్మగారు ఇప్పుడు సరిగ్గా ఆ రోజుల్లో ఉన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రాక్స్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

మీ పోస్టులో నన్ను ఆపింది ఇంకొకటి. తుంటి దగ్గర మైనస్ 1.9 ఉంటే నడుము దగ్గర మైనస్ 0.6 ఏమిటి? అంత తేడా చూస్తే నేను నడుము అంకెను నమ్మను. వయసుతో వెన్నుపూసల అంచుల్లో పెరిగే ముళ్లు స్కాన్‌కు గట్టి ఎముకలా కనిపిస్తాయి. నలిగి కూలిన వెన్నుపూస కూడా చిక్కగా కనిపిస్తుంది. మన అనంతపురం జిల్లా వాళ్ల విషయంలో మూడో కారణం ఉంది, ఫ్లోరైడ్. బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక స్కాన్‌లో బ్రహ్మాండంగా కనిపిస్తుంది, లోపల మాత్రం పెళుసు. 1990లో అమెరికాలో సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. నాలుగేళ్లలో నడుము డెన్సిటీ 35 శాతం పెరిగింది, వెన్ను విరుగుళ్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకల విరుగుళ్లు పెరిగాయి. డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు అని ఇంతకంటే ఎవరు చెప్పగలరు!

అమ్మా, నాలుగు సంగతులు తెలుసుకుని రాయండి. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారు? మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో మాత్రలు నెలల తరబడి వాడారా? నెలసరి ఏ వయసులో ఆగింది? ఎత్తు తగ్గారా? వీపుకు పక్క నుంచి తీసే ఎక్స్‌రే ఒకటి తీయించండి.

కడప కోడలు

టీచర్ గారూ, మందుల గురించి ఒక్క విషయం మీ చెవిన వేస్తాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి. మా అత్తమ్మకు ఆరు నెలలకొకసారి పొట్ట మీద వేసే డెనోసుమాబ్ ఇంజక్షన్ మొదలుపెట్టారు. బాగానే పనిచేసింది, నడుము నొప్పి లేదు. మూడు వేశాక పెళ్లి పనుల్లో పడి నాలుగోది ఐదు నెలలు ఆలస్యం చేశాం. నొప్పి లేదు కదా, తర్వాత చూద్దాం అనుకున్నాం. ఆలస్యం చేయకూడదని మాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మంచం మీద నుంచి లేస్తూ కేక వేసింది. ఎక్స్‌రేలో ఒకటి కాదు, మూడు వెన్నుపూసలు కూలాయి. ఆ మందు ఆపితే ఎముక అరుగుదల ఎగసిపడుతుందని, ఆపాలంటే దాని వెనకే వేరే మందు ఇవ్వాలని అప్పుడు తెలిసింది. ఇప్పుడామె గోడ పట్టుకుని నడుస్తుంది. చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది.

ఏ మందు రాసినా, మానితే ఏమవుతుంది అని మొదటి రోజే అడగండి.

అనంతపురం టీచర్

డాక్టర్ గారూ, మీరు అడిగినవన్నీ వెతికాను.

అమ్మ పుట్టి పెరిగింది, కాపురం చేసింది కదిరి వైపు పల్లెలో. సత్యసాయి పథకం నీళ్లు వచ్చేదాకా బోరు నీళ్లే. మా పెద్దమ్మకు పళ్లు గారపట్టి ఉండేవి, మెడ తిరిగేది కాదు. అది వయసు వల్ల అనుకునేవాళ్లం.

మోకాళ్ల నొప్పులకు పల్లెలో ఒకాయన ఇచ్చే తెల్ల మాత్రలు అమ్మ ఎనిమిది నెలలు వేసుకుంది. డబ్బాలో పాత అట్ట దొరికింది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, 5 మిల్లీగ్రాములు. వేసుకున్నప్పుడు మొహం నిండుగా అయితే ఒళ్లు చేసిందని సంతోషపడ్డాం.

ట్రంకు పెట్టెలో గర్భసంచి ఆపరేషన్ కాగితాలు కూడా దొరికాయి. అమ్మకు అప్పుడు 37. రెండు అండాశయాలూ తీసేశారని రాసి ఉంది. అమ్మకే ఆ సంగతి తెలియదు. అదే కాగితంలో ఎత్తు 152 సెంటీమీటర్లు. నిన్న గోడకు నిలబెట్టి కొలిచాను, 147. రెండుసార్లు కొలిచాను, తప్పేమో అని.

ఫ్రాక్స్ నేనే నింపాను. ఎముక విరిగిందన్నది ఒక్కటే పెడితే తుంటికి 3 శాతానికి లోపే వచ్చింది. అవ్వ తుంటి, స్టెరాయిడ్ రెండూ పెట్టగానే దాటింది.

కర్నూలు ఎముకల డాక్టర్, రిటైర్డ్

చూశారా, రిపోర్టులో లేనివన్నీ మీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. 5 మిల్లీగ్రాములు రోజూ మూడు నెలలు దాటితే ఫ్రాక్స్‌లో అవును అనే నింపాలి. అండాశయాలు తీసేస్తే నెలసరి ముందే ఆగి ఎముక త్వరగా అరుగుతుంది. చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో చాలా మంది, అండాశయాలు కూడా తీశారో లేదో వాళ్లకు తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు.

5 సెంటీమీటర్లు తగ్గారంటే వెన్నుపూస నలిగి ఉండొచ్చు, ఎక్స్‌రే రేపే తీయించండి. మందుకు ముందు క్యాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలు కావాలి. విటమిన్ డి, క్యాల్షియం తక్కువ ఉండగా ఏడాదికి ఒకసారి వేసే ఆ ఇంజక్షన్ వేస్తే రక్తంలో క్యాల్షియం పడిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. పన్ను పీకించాల్సింది ఉంటే ముందే పీకించండి.

అనంతపురం టీచర్

రెండు నెలల తర్వాత రాస్తున్నాను. ఎక్స్‌రేలో నడుము మొదటి వెన్నుపూస ముందు వైపు నలిగి ఉంది. ఎప్పుడు విరిగిందో అమ్మకు గుర్తు లేదు. రెండేళ్ల కిందట బిందె ఎత్తినప్పుడు వారం రోజులు పడుకుంది, అదేనేమో. రెండో డాక్టర్ గారు ఆ ఎక్స్‌రే దీపానికి పెట్టి, ఇక శాతాల లెక్క అవసరం లేదు, వెన్నుపూస దానంతట అదే విరిగితే టీ-స్కోర్ ఎంతున్నా మందు ఇవ్వాల్సిందే అన్నారు. రోజూ వేసుకునే టెరిపారటైడ్ గురించి కూడా చెప్పారు. ఖర్చు, రోజూ సూది, రెండూ అమ్మకు కష్టం. ఏడాదికి ఒకసారి వేసే ఇంజక్షన్, జోలెడ్రోనిక్ ఆసిడ్‌కే ఒప్పుకున్నాం.

విటమిన్ డి 14 మాత్రమే ఉంది. ఎనిమిది వారాలు వారానికొక 60,000 యూనిట్ల పొడి ఇచ్చి సరిచేశారు. క్రియాటినిన్ బాగుంది. కదిలే పన్ను పీకించాం. శుక్రవారం ఇంజక్షన్. మొదటి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చన్నారు, పారాసిటమాల్ తెచ్చిపెట్టాను. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ వేయించాను. కడప అక్క చెప్పినట్టు మానితే ఏమవుతుందని అడిగాను. ఈ మందు ఎముకలో నిలిచి ఉంటుంది, ఆలస్యమైతే డెనోసుమాబ్ మాదిరి అరుగుదల ఎగసిపడదు, అయినా తేదీ తప్పొద్దన్నారు. మూడేళ్ల తర్వాత మళ్లీ చూసి కొనసాగించాలో ఆపాలో చెబుతారట.

అమ్మ మిమ్మల్ని ఒకటి అడగమంది డాక్టర్ గారూ. నీళ్ల బిందె ఎత్తొచ్చా, ముగ్గు వేయొచ్చా?

కర్నూలు ఎముకల డాక్టర్, రిటైర్డ్

బిందె వద్దు. ముందుకు వంగి బరువు లేపితే భారమంతా ఆ నలిగిన పూస మీదే పడుతుంది. చిన్న చెంబుతో నాలుగుసార్లు తెచ్చుకోమనండి. ముగ్గు వేసుకోవచ్చు, వాకిలి ఆరాక, పీట మీద కూర్చుని. లేచేటప్పుడు మీరు పక్కన ఉండండి.