ఎల్‌పీఎస్ ఇచ్చినా టీఎన్‌ఎఫ్ ప్రమోటర్ మీద పి65 కనిపించడం లేదు

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ): రా 264.7 కణాలకు (ఎలుక మాక్రోఫేజ్‌లు) మి.లీ.కి 100 నానోగ్రాముల ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా గోడలోని పదార్థం) ఇచ్చి, 4 గంటలయ్యాక చిప్ (ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుందో యాంటీబాడీతో పట్టి చూసే పరీక్ష) చేస్తున్నానండి. వాపు సంకేతమైన టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ బాగా పెరుగుతోంది. కానీ ఆ జన్యువు ప్రమోటర్ (ఆన్-ఆఫ్ భాగం) దగ్గర పి65 (జన్యువులను ఆన్ చేసే ఎన్‌ఎఫ్-కప్పా-బిలో ఒక భాగం) యాంటీబాడీకీ, దేన్నీ ప్రత్యేకంగా పట్టని ఐజీజీ కంట్రోల్‌కీ తేడా లేదు. ప్రోటీన్‌ను డీఎన్‌ఏకి అతికించే క్రాస్‌లింక్‌కి 1 శాతం ఫార్మాల్డిహైడ్, గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు. యాంటీబాడీ మార్చమంటారా?

జవాబు 1: అప్పుడే మార్చకండి, ముందు టైమ్ మార్చండి. పి65 సైటోప్లాజంలో, దాన్ని ఆపి ఉంచే ఐకప్పాబి-ఆల్ఫా ప్రోటీన్ పట్టులో సిద్ధంగానే ఉంటుంది. ఎన్‌ఎఫ్-కప్పా-బి మేల్కోవడానికి కొత్త ప్రోటీన్ తయారవ్వనక్కర్లేదని రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ 1986లోనే చూపించారు. ఎల్‌పీఎస్ తగలగానే ఐకేకే అనే ఎంజైమ్ ఆ ఐకప్పాబి-ఆల్ఫాకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ప్రోటియాజోమ్ దాన్ని నరికేస్తుంది, పి65 న్యూక్లియస్‌లోకి వెళ్తుంది. ఇదంతా 15–30 నిమిషాల పని. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది: పి65 ఆన్ చేసే జన్యువుల్లో ఐకప్పాబి-ఆల్ఫాది కూడా ఒకటి. గంటా గంటన్నరలో అది మళ్లీ తయారై, న్యూక్లియస్‌లోకి వచ్చి, పి65ను డీఎన్‌ఏ నుంచి ఊడదీసి బయటికి తీసుకుపోతుంది. మీరు 4 గంటలకు చూసేసరికి మొదటి అల దాటిపోయి ఉంటుంది.

కాబట్టి 0, 15, 30, 60, 120 నిమిషాలకు ఐకప్పాబి-ఆల్ఫా వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ ఎంతుందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేయండి. బ్యాండ్ మాయమై తిరిగి రావాలి. మాయమే కాకపోతే తప్పు ఎల్‌పీఎస్‌దే: అది ట్యూబు గోడకు అంటుకుంటుంది, వాడే ముందు గట్టిగా వోర్టెక్స్ చేయాలి. బ్లాట్ సరిగ్గా వస్తే చిప్ 30 నిమిషాలకు పెట్టుకోండి.

జవాబు 2: పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఇంకో రెండు అడగాలి. ఆ గదిలో ఏసీ ఉందా? సోనికేషన్ (శబ్ద తరంగాలతో క్రోమాటిన్‌ను, అంటే ప్రోటీన్లతో కలిసిన డీఎన్‌ఏను, ముక్కలు చేయడం) తర్వాత ముక్కల సైజు ఎంత?

ప్రశ్న వేసినవారు: ఏసీ లేదు మేడమ్. జెల్ మీద ముక్కల చార (స్మియర్) 1000 బేస్ పెయిర్లకు పైనే ఉంది.

జవాబు 2: దొరికింది. ప్రోటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో మన విశాఖలో ఏసీ లేని గది 33 దాకా పోతుంది. అంత వేడిలో క్రాస్‌లింక్ ముదిరిపోతుంది. క్రోమాటిన్ తెగదు, యాంటీబాడీ పట్టుకోవాల్సిన చోటూ మూసుకుపోతుంది. 10 మి.లీ. మీడియంకు 37 శాతం ఫార్మాల్డిహైడ్ 270 మైక్రోలీటర్లు, 22 డిగ్రీల వాటర్ బాత్‌లో 10 నిమిషాలు, వెంటనే క్రాస్‌లింక్ ఆపడానికి 2.5 మోలార్ గ్లైసిన్ అర మి.లీ. వేసి 5 నిమిషాలు. అడుగున తెల్లగా పేరుకున్న పాత ఫార్మాల్డిహైడ్ బాటిల్ వద్దు.

సోనికేషన్ ఐస్ మీదే, 10 సెకన్లు నడిపి 30 సెకన్లు ఆపుతూ. నురగ వస్తే ఆపేయండి, నురగలో క్రోమాటిన్ తెగదు. 200–500 బేస్ పెయిర్లు రావాలి. జెల్ వేసేముందు 65 డిగ్రీల దగ్గర క్రాస్‌లింక్ విప్పారా? విప్పకపోతే ఆ స్మియర్‌ను నమ్మలేం.

ప్రశ్న వేసినవారు: విప్పాను మేడమ్, రాత్రంతా ఉంచాను. పీసీఆర్ ప్రైమర్లు ఎంఆర్‌ఎన్‌ఏకి వాడినవే సరిపోతాయా?

జవాబు 1: సరిపోవండి! అవి ఎక్సాన్లలో కూర్చుంటాయి, పి65 కూర్చునేది ప్రమోటర్‌లో. కప్పా-బి సైటును (పి65 కూర్చునే డీఎన్‌ఏ చోటు) కలుపుకొని 70–150 బేస్ పెయిర్లు వచ్చేలా కొత్త జత డిజైన్ చేయండి. పాజిటివ్ కంట్రోల్‌గా ఐకప్పాబి-ఆల్ఫా జన్యువు ప్రమోటర్ పెట్టండి. ఇన్‌పుట్ (యాంటీబాడీ వేయకముందు పక్కన పెట్టిన క్రోమాటిన్) 2 శాతం తీసి ఉంటే దాని సీటీ (పీసీఆర్‌లో సిగ్నల్ కనిపించిన సైకిల్ సంఖ్య) నుంచి 5.64 తీసేసి లెక్కకట్టండి. ఐఎల్-6 జన్యువు కూడా చూస్తారేమో, దానికి 30 నిమిషాలు చాలదు. అక్కడ ముందు క్రోమాటిన్ తెరుచుకోవాలి, 2 గంటల పాయింట్ కూడా పెట్టుకోండి.