అమ్మానాన్నలతో యాంటిలోప్ కాన్యన్: అప్పరా, లోయరా?

చాండ్లర్_శీను:
జూన్ రెండో వారంలో అమ్మానాన్నలను అరిజోనాలోని పేజ్ ఊరికి తీసుకెళ్తున్నాం. అక్కడి యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకైన రాతి లోయకు అప్పర్, లోయర్ అని రెండు భాగాలున్నాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాన్నకు ఫొటోల పిచ్చి. నేను అప్పర్ అంటున్నాను. మా ఆవిడ లోయర్ అంటోంది: టికెట్ తక్కువ, చూసేది ఎక్కువ అని. ఇంట్లో తేలలేదు, మీరే తేల్చండి. అదే రోజు హార్స్‌షూ బెండ్ (గుర్రపు నాడాలా తిరిగే నది వంపు), మాన్యుమెంట్ వ్యాలీ (ఎర్రటి రాతి గుట్టల లోయ) కూడా అనుకుంటున్నాం.

గోదారమ్మాయి:
మీ ఆవిడ చెప్పింది నిజమే కానీ, మీ అమ్మగారికి అది కుదరదండీ. లోయర్‌లో మొదట్లోనే నిటారుగా ఇనప మెట్లు. మా గుంపులో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగారు. లోపల కొన్నిచోట్ల ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టేంత చోటే ఉంటుంది. పైకి పోయేకొద్దీ వెడల్పు.
అప్పర్ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. అడుగున వెడల్పు, పైన సన్నటి చీలిక. మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికి వచ్చినప్పుడు ఆ చీలికలోంచే వెలుగు నిలువుగా కిందికి దిగుతుంది. నేల చదును, ఇసుక. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బయటినుంచి ర్యాంపులు, మెట్లు ఉన్నాయి. నెమ్మదిగా నడిస్తే ఇబ్బంది లేదు.

కొండరాయి:
ఆ వెలుగు కోసం అంత డబ్బా? గాలిలో ఇసుక దుమ్ము ఉంటేనే అది ఫొటోలో బాగా పడుతుంది. ముందొక గుంపు, వెనకొక గుంపు, 'జరగండి జరగండి' అని ఒకటే తోపులాట. ట్రైపాడ్ వద్దు, బ్యాగు వద్దు. దీనికంటే యూటా వైపు వైర్ పాస్ అనే ఇరుకు లోయకి వెళ్ళండి. తక్కువ ఫీజుతో డే పర్మిట్, గైడ్ అక్కర్లేదు. అక్కడినుంచి బక్‌స్కిన్ గల్చ్ అనే పొడవాటి లోయలో ఓపిక ఉన్నంత దూరం నడవొచ్చు.

పెన్నాతీరం:
యాంటిలోప్‌లో గైడ్ తప్పనిసరి అని ఊరికే పెట్టలేదు బ్రదర్. 1997 ఆగస్టు 12న లోయర్‌లో వరదొచ్చి 11 మంది పోయారు. కాన్యన్ దగ్గర చెప్పుకోదగ్గ వాన లేదు. ఎక్కడో ఎగువన కురిసిన నీళ్ళు ఎండిన వాగులోంచి వచ్చి మీద పడ్డాయి. అప్పుడున్న చెక్క నిచ్చెనలు కొట్టుకుపోయాయి, ఇప్పుడున్నవి రాతికి బిగించిన మెట్లు. పైగా అది నవాహో అనే అక్కడి మూలవాసుల నేల, వాళ్ళ ట్రైబల్ పార్క్. ఇంటివాళ్ళు తోడొచ్చి చూపిస్తామంటే అందులో తప్పేముంది?

కొండరాయి:
వాళ్ళ నేల, వాళ్ళ ఇష్టం, ఒప్పుకుంటా. కానీ ఆయన వెళ్ళేది జూన్ రెండో వారంలో. అక్కడ వానాకాలం జులైలో ఊపందుకుంటుంది. వాతావరణం చూసుకుని బయల్దేరితే సరిపోతుంది.

గోదారమ్మాయి:
వాన సంగతి వదిలేయండి. వైర్ పాస్‌కి ఎనిమిది మైళ్ళకు పైగా మట్టిరోడ్డు. లోపల కొట్టుకొచ్చిన బండలు ఇరుక్కున్న చోట కిందికి దూకినట్టు దిగాలి. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడను అక్కడికి ఎలా పంపిస్తారండీ? మీరూ నేనూ వెళ్ళే చోటు వేరు, అమ్మానాన్నలతో వెళ్ళే చోటు వేరు.

పెన్నాతీరం:
శీను గారూ, మాన్యుమెంట్ వ్యాలీ అదే రోజు పెట్టకండి. పోవడానికే రెండు గంటల పైన. మీ చాండ్లర్ నుంచి పేజ్‌కే దాదాపు ఐదు గంటల డ్రైవ్ కదా, పెద్దవాళ్ళు కారులోనే నలిగిపోతారు. రాత్రికి పేజ్‌లో ఉండి, పొద్దున్నే హార్స్‌షూ బెండ్ చూసేయండి. రానూపోనూ మైలున్నర, దారి బాగుంటుంది, ఎండెక్కితే మాత్రం నరకం. అంచుకు చాలాచోట్ల కమ్మీ ఉండదు, కింద వెయ్యి అడుగుల లోతులో కొలరాడో నది. ఫొటోల పిచ్చి అన్నారుగా, నాన్నగారిని కమ్మీ ఉన్నచోటే నిలబెట్టండి. పార్కింగ్ ఊరివాళ్ళది, నేషనల్ పార్క్ పాస్ పనికిరాదు. సాయంత్రం గ్లెన్ కాన్యన్ డ్యామ్ వంతెన మీద కాసేపు నిలబడితే చాలు, మన నాన్నలకు డ్యామ్ కనిపిస్తే ఇంకేమీ అక్కర్లేదు.

చాండ్లర్_శీను:
మాన్యుమెంట్ వ్యాలీ తీసేశాను. అమ్మకు, నాకు మధ్యాహ్నం అప్పర్. మా ఆవిడ, నాన్న పొద్దున లోయర్. రాజీ కుదిరింది.

కొండరాయి:
ఫొటోల పిచ్చి ఉన్నాయన్ని లోయర్‌కి పంపి, వెలుగు పడే చోటికి మీరు వెళ్తున్నారా? భలే న్యాయం. అప్పర్‌లో గైడ్లే ఫోన్ తీసుకుని, సెట్టింగులు మార్చి, ఏ మూల నుంచి తీస్తే రంగు వస్తుందో చూపిస్తారు. ఆయన్నే పంపండి.

చాండ్లర్_శీను:
ఇది చదివి వినిపిస్తే నాన్న రెండూ చూస్తానంటున్నారు.

గోదారమ్మాయి:
అయితే టైమ్ జాగ్రత్త. వేసవిలో నవాహో వాళ్ళు గడియారం గంట ముందుకు జరుపుతారు, మిగతా అరిజోనా జరపదు. కాన్యన్ టూర్లు మాత్రం పేజ్ టైమ్, అంటే మిగతా అరిజోనా టైమ్ ప్రకారమే. ఫోన్ ఏ టవర్ పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది, అక్కడ అందరికీ ఇదే టెన్షన్. ఆటోమేటిక్ టైమ్ ఆపేసి ఫీనిక్స్ టైమ్ పెట్టుకోండి. నాన్నగారి ఫోన్‌లో కూడా.