పక్కింటి తాతగారి అకితా మా ఇంటికొచ్చింది కానీ మాది కాలేదు

త్సుకుబా నాన్న:
అందరికీ నమస్కారం. మేం జపాన్‌లో, ఇబారాకి ప్రిఫెక్చర్‌లోని త్సుకుబాలో ఉంటాం. మా పక్కింటి తాతగారికి 82 ఏళ్లు. పోయిన నెల వృద్ధాశ్రమానికి వెళ్తూ తన అకితా కుక్కని మాకు అప్పజెప్పారు. మగది, నాలుగేళ్లు, 38 కిలోలు, ఒళ్లంతా పులిచారలు. పేరు తొరా, అంటే పులే.

పిలిస్తే రాదు. విన్నట్టుగా ఒక చెవి మాత్రం కదుపుతుంది. మొరగదు, గొడవ చెయ్యదు, కానీ సాయంత్రం ఐదయ్యేసరికి గేటు దగ్గర కూర్చుని తాళం వేసిన ఆ ఇంటివైపే చూస్తుంది. మొన్న వాకింగ్‌లో ఒక మగ షిబా కుక్క మీదికి దూకితే నేను కిందపడి మోచెయ్యి గీరుకుపోయింది. "హచికో జాతి అన్నారు, దీనికి విశ్వాసమే లేదేంటి" అంటోంది మా ఆవిడ. పాపకి ఆరేళ్లు, అదొక టెన్షన్. ఉంచుకోమంటారా, ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటారా?

ల్యాబ్ బాబాయ్:
మాట వినేదాకా అన్నం పెట్టకండి. మా లాబ్రడార్ కుక్క రెండు రోజుల్లో దారికొచ్చింది.

సెన్‌దాయ్ వదిన:
బాబాయ్ గారూ, ల్యాబ్ వేరు, ఇది వేరు. త్సుకుబా తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు. మా అకితా కోమాచి పదకొండేళ్లు మాతో ఉంది, ఆ అనుభవంతో చెబుతున్నా.

ముందు మీ ఆవిడకి హచికో కథ పూర్తిగా చెప్పు. హచి 1923లో అకితా ప్రిఫెక్చర్ ఓదాతేలో పుట్టాడు. తన యజమాని ప్రొఫెసర్ ఉయెనో దగ్గర ఉన్నది ఏడాదిన్నర కూడా కాదు. 1925 మేలో ఆయన పోయాక, ఆ ఇల్లూ ఈ ఇల్లూ తిరిగి చివరికి ఆయన దగ్గర పనిచేసిన తోటమాలి ఇంటికి చేరాడు. అక్కడ తిండికి లోటు లేదు. అయినా 1935 మార్చిలో చనిపోయేదాకా ఆయన కోసం ఎదురుచూస్తూ షిబుయా స్టేషన్‌కి వెళ్తూనే ఉన్నాడు. ఆ తోటమాలి ఇంట్లోవాళ్లు కూడా మీ ఆవిడలాగే అనుకుని ఉంటారు! మీరిప్పుడు ఉన్నది ఆ తోటమాలి స్థానంలో. మీ తొరాకి విశ్వాసం ఉంది, అది ఇంకా మీ పేరున రాయలేదంతే. నెల అనేది అకితాకి ఓ లెక్క కాదు.

పిలిస్తే రాకపోవడం మొండితనం కాదు. వీటి పూర్వీకులు మంచుకొండల్లో మతాగి వేటగాళ్లతో ఎలుగుబంట్ల వెంటపడ్డవి. అక్కడ ప్రతిదానికీ వెనక్కి తిరిగి మనిషి మొహం చూస్తూ కూర్చుంటే కుదరదు. అందుకే మనం చెప్పింది విని, ఇది అవసరమా అని ఆలోచిస్తుంది. ఒకే పని మూడోసారి చెయ్యమంటే కోమాచి ఆవులించేది. ఇక షిబా గొడవంటావా, ఓదాతేలో ఒకప్పుడు వీటిని కుక్కల పందేలకీ వాడారు, తోసా అనే పందెం కుక్కలతో సంకరం చేశారు. సాటి మగకుక్కని భరించడం చాలా మగ అకితాలకి చేతకాదు. దూరంగా కనపడగానే వీధి మారిపో, పరువు తక్కువేం కాదు. పాపని, తొరాని మాత్రం ఒంటరిగా వదలకు, తినేటప్పుడు అసలు దగ్గరికి పోనివ్వకు.

మీ ఇబారాకిలో ఇంకో సంగతుంది. అక్కడ అకితా 'తొకుతెయ్‌కెన్' జాబితాలో, అంటే ప్రత్యేకంగా గుర్తించిన కుక్కల జాబితాలో ఉంది. గొలుసుతో కట్టేస్తే చాలదు, గట్టి బోనులో పెంచాలి, గేటుకి గుర్తు అంటించాలి. యజమాని మారినట్టు 30 రోజుల్లోగా సిటీ ఆఫీసులో చెప్పాలి. నెలైంది అంటున్నావు, రేపే వెళ్లు.

మన వంటింటి సంగతి. సాంబారన్నం, ఉల్లికూర మిగిలిందని పెట్టొద్దు. ఉల్లి ఏ కుక్కకైనా విషమే, అకితాల రక్తంలోని ఎర్రకణాలు దానికి ఇంకా తేలిగ్గా దెబ్బతింటాయి. ఆ ఎర్రకణాలతోనే మాకో అనుభవం. ఒక ఆస్పత్రిలో కోమాచికి పొటాషియం ప్రమాదకరంగా ఉందన్నారు, రాత్రంతా నిద్రలేదు. ఇంకో డాక్టర్ నవ్వి, చాలా అకితాల ఎర్రకణాల్లోనే పొటాషియం ఎక్కువ, తీసిన రక్తం నుంచి ఆ కణాల్ని వెంటనే వేరుచెయ్యకపోతే పొటాషియం బయటికి కారి తప్పుడు అంకె చూపిస్తుందన్నాడు. మళ్లీ పరీక్ష చేస్తే అంతా మామూలే.

ఒకటి అడుగుతా. నువ్వు ఏ భాషలో పిలుస్తున్నావు?

మణికొండ కుర్రాడు:
అక్కా, మా దగ్గర ఒకాయన అకితా పిల్ల ఉందంటున్నాడు. తీసుకోవచ్చా? ఏసీ ఉంది.

సెన్‌దాయ్ వదిన:
మే నెలలో కరెంటు పోతే? దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది నాన్నా. వద్దు.

త్సుకుబా నాన్న:
వదినగారూ, చాలా థాంక్స్. సిటీ ఆఫీసు పని అయింది. బోను వచ్చేవారం వస్తుంది, ఖరీదు మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

నేను "రా రా" అనే పిలుస్తున్నా, అప్పుడప్పుడు జపనీస్‌లో "ఒయిదె" అని కూడా. మీరు అడిగాక ఆదివారం తొరాని తీసుకుని తాతగారి దగ్గరికి వెళ్లాం. ఆశ్రమం తోటలో కలవనిచ్చారు. ఎగిరి గంతులేస్తాడనుకున్నా, అలాంటిదేం లేదు. వెళ్లి ఆయన కాళ్లకి ఆనుకుని అటు తిరిగి కూర్చున్నాడు, గంటసేపు. ఏమని పిలిచేవారని అడిగితే తాతగారు "కె" అన్నారు. ఆయనది ఓదాతేయే. అకితా యాసలో రమ్మనడానికీ, తినమనడానికీ ఆ ఒక్క అక్షరమే వాడతారట.

నిన్న సాయంత్రం గేటు దగ్గరికి వెళ్లి నేనూ "కె" అన్నా. తొరా లేచాడు. ఒళ్లు విరుచుకుని, నిదానంగా నా వైపే వచ్చి, నన్ను దాటుకుని నీళ్ల గిన్నె దగ్గరికి పోయాడు. పిలిస్తే వచ్చాడో, దాహమేసి వచ్చాడో మాకు ఇంకా తేలలేదు. మా ఆవిడ మాత్రం దాహమే అంటోంది.