శుభం పలకరా... మంకెన్నా? ఎంకన్నా?

రాత్రి డ్యూటీ: ఒక సామెత సగమే గుర్తుంది, పూరించండి. నేను పశువుల ఆసుపత్రిలో ఎమర్జెన్సీ చూస్తాను. మొన్న రాత్రి మా ఇంటర్న్ కుర్రాడు "ఇవాళ కేసుల్లేవు సార్, హాయిగా ఉంది" అన్నాడు. మా పెద్ద అటెండరు చేతిలో సెలైన్ సీసా కింద పెట్టేసి, "శుభం పలకరా మంకెన్నా అంటే..." అని మిగతాది గొణిగేశాడు. కాసేపటికే దూడ అడ్డం తిరిగిన గేదెను టాటా ఏస్‌లో తెచ్చారు. దాని వెనకే పాలజ్వరంతో ఇంకోటి. ఆయన "మంకెన్నా" అన్నాడు, మా అమ్మ మాత్రం "ఎంకన్నా" అనేది. ఏది సరి?

పాతపుస్తకం: "...పెళ్ళికూతురు ముండ ఏదీ అన్నాడట". ముండ అంటే విధవ. మంకెన్నే సరి. మంకుపట్టు పట్టే అన్న. ఇందులో చర్చేముంది?

ఉత్వసంధి: ఉంది గురువుగారూ. మంకు + అన్న మంకన్న అవుతుంది. ఆ 'కె' ఎక్కణ్ణుంచి దిగింది? నా లెక్క ఇదీ: మొదట "శుభం పలుకుము ఎంకన్నా". కలిపితే "పలుకుమెంకన్నా". జనం నోట్లో అది "పలుకు మెంకన్నా"గా విరిగి, అచ్చులు అటూ ఇటూ అయి "మంకెన్నా" అయింది. అంటే వాళ్ళమ్మగారే కరెక్టు.

పాతపుస్తకం: బాగుంది. మరి "పలకరా"లో 'రా' సంగతి? "పలుకుము" అని గ్రాంథికంలో బతిమాలిన నోటితోనే "రా" అంటారా?

మంకెనపువ్వు: నా పేరు చూసైనా అడగరే! మంకెన ఎర్రటి పువ్వు, మన కవులు పెదవులకు పోలిక చెప్పేది. ఎర్రటి పెదవులు, నోరు తెరిస్తే అశుభం. అదీ మంకెన్న.

ఉత్వసంధి: అమ్మా, ఆ లెక్కన మంకెనన్న కావాలి.

డల్లాస్ వెట్: ఇక్కడి ఎమర్జెన్సీల్లోనూ ఇదే. "క్వయెట్" అనకూడదు, "క్యూ వర్డ్" అని చెప్పుకుంటాం. మా క్లినిక్‌లో ఎవరైనా నోరు జారితే ఆ రాత్రి పిజ్జా వాళ్ళ ఖాతాలోనే. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీనిమీద ట్రయలే వచ్చింది. మైక్రోబయాలజీ విభాగంలో కొన్ని రోజులు ఆ మాట అన్నారు, కొన్ని రోజులు అనలేదు. పని భారంలో తేడా రాలేదు. పున్నమి సంగతి వేరు. కొలరాడోలో 11,940 కుక్కల, పిల్లుల ఎమర్జెన్సీ కేసులు లెక్కవేసి 2007లో ప్రచురించారు. చంద్రుడు నిండుగా ఉన్న రోజుల్లో పిల్లులు రావడం 23 శాతం, కుక్కలు రావడం 28 శాతం ఎక్కువట.

పాతపుస్తకం: వెన్నెల్లో జనం కుక్కల్ని ఎక్కువసేపు బయట తిప్పుతారేమో. మైక్రోబయాలజీలో మంకెన్నలు తక్కువ కూడా.

రాత్రి డ్యూటీ: మా దగ్గర పున్నమి కంటే పేరుకే భయం. కేసు పేపరు మీద "లక్కీ" అని కనబడితే అటెండరు ఏమీ అనడు, ఇంకో క్యాన్యులా తీసి ట్రేలో పెడతాడు. కడుపుబ్బరం కేసు అయ్యాక ట్రోకార్ (పొట్టలో గాలి తీయడానికి పొడిచే సాధనం) కడిగి బల్లమీదే గుడ్డ కప్పి ఉంచుతాడు. తెల్లారేదాకా బీరువాలో పెట్టనివ్వడు. లోపల పెడితే మళ్ళీ తీయాల్సి వస్తుందట. ఇంతకీ నాకు అసలు అర్థం కానిది ఇది: మా కుర్రాడు పలికింది శుభమే కదా! మంకెన్న పలికింది అశుభం. సామెత ఇక్కడ అతుకుతుందా?

నెల్లూరి పిల్ల: అతకదు సార్, మీ అటెండరుగారు తిరగేసి వాడారు. అసలు ఆ మంకెన్న ఎవరన్నది తేలాలి. మా వైపు "శుభం పలకరా పెళ్ళికొడకా" అంటారు. పెళ్ళికొడుకే "ముండ" అంటే తన చావు తానే కోరుకున్నట్టు, అప్పుడే సామెత పేలుతుంది. దారిన పోయే మంకెన్న అంటే అది ఉత్త తిట్టు.

మంకెనపువ్వు: మంకెన్నే పెళ్ళికొడుకు కాకూడదా?

నెల్లూరి పిల్ల: కావచ్చు. ఇంకోటి, తథాస్తు దేవతలంటే అశ్వినీ దేవతలే అంటారు. వాళ్ళు దేవవైద్యులు. వాళ్ళ కొడుకుల్లో నకులుడు విరాటుడి కొలువులో గుర్రాలు, సహదేవుడు ఆవులు చూశారు. డాక్టరుగారి కులదైవం ఆ ఇంట్లోనే ఉంటే మంకెన్నతో పనేంటి? తిక్కన చేతిలో వాళ్ళ మారుపేర్లు దామగ్రంథి, తంత్రీపాలుడు.

ఉత్వసంధి: సంస్కృతంలో "తంతిపాల". తంతి అంటే దూడల్ని వరసగా కట్టే తాడు, మన దామెన లాంటిది. ఆ 'ర'కారం దూరాక ఆవులు కాచేవాడు వీణ వాయించేవాడిలా వినిపిస్తున్నాడు.

నెల్లూరి పిల్ల: మా తిక్కన మీద చెయ్యి వెయ్యొద్దు. ద్రౌపది కీచకుడి గురించి భీముడికి చెప్పే చోట ఆ మాటల బిగువు చూసి అప్పుడు మాట్లాడండి.

రాత్రి డ్యూటీ: తంతి అన్నా తన్ను అన్నా పశువైద్యుడికి ఒకటేలెండి. సంస్కృత మూలంలో సహదేవుడు ఇంకోటి అంటాడు: మూత్రం వాసన చూస్తే చాలు గొడ్రాలైనా కంటుంది, అలాంటి ఆబోతుల్ని గుర్తుపడతానని. ఆ ధీమా మాకు లేదు. మా గోపాలమిత్రలు (ఊళ్ళల్లో పశువులకు చూలు సూది వేసేవాళ్ళు) మాత్రం కట్టించిన గేదె దగ్గర "చూలు నిలిచింది" అని ముందే అనరు. "చూద్దాం" అంటారు.

పాతపుస్తకం: పుల్లరి (పశువుల మేత పన్ను) గొడవలో కాటమరాజు మీదికి వెళ్ళిన ఖడ్గతిక్కన కూడా నెల్లూరివాడే, మన తిక్కన బంధువు. పశువుల జోలికి పోతే నెల్లూరికి కలిసి రాదు.

నెల్లూరి పిల్ల: దానికి వేరే చర్చ తెరవండి, అక్కడ చూసుకుందాం.

డల్లాస్ వెట్: మా అమ్మమ్మది నిజామాబాద్. ఆవిడ "మంకన్నా" అనేది, 'కె' లేకుండా.

ఉత్వసంధి: చూశారా, మంకు + అన్న! అంటే మంకెన్న వేరే మనిషి.

పాతపుస్తకం: మొదట నేనన్నది అదే కదండీ. మీరు "పలుకుము" అన్నారు. ఆ 'రా' సంగతి ఇంకా చెప్పలేదు.